నడక చూసే మర

ఫ్లోరైడు నీళ్ళు వంచిన కాళ్ళను ఇప్పుడు ఊరి ఆసుపత్రిలో ఎముక కోసే మర తిన్నగా చేస్తోంది. ముందు అది మనిషిని నడిపించి చూస్తుంది. ఎంత వంకర కనబడితే అంతే కోస్తుంది.

ఇస్తారి వంతు వచ్చేసరికి ఎదురు బల్ల మీద వియ్యంకుడు కూర్చుని ఉన్నాడు. ఇంకేముంది, ఇస్తారి పళ్ళు బిగబట్టి పెళ్ళికొడుకులా నిటారుగా నడిచాడు.

"కొద్దిగా కోస్తే చాలు," అంది మర.

"నీ గొప్పలు మన్నుగాను!" అని పెళ్ళాం ఈదమ్మ విరుచుకుపడింది. "ఇంట్ల గోడ పట్టకుంటే గడప దాటవు. మళ్ళ నడువయ్యా, లేకుంటే సచ్చేదాంక ఇదే వంకర కాలు!"

ఇస్తారి తల వంచుకుని, గోడ పట్టుకుని, ఎప్పటిలా కుంటుతూ నడిచాడు. వియ్యంకుడు అటు చూడకుండా తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ మర్యాదకే ఇస్తారికి తల కొట్టేసినట్టయింది.