పక్క వాటా ఆయనకు ఏడో నెల

పక్క వాటాలోకి కొత్తగా దిగినాయన పెళ్ళాన్ని కొట్టి వచ్చాడట.

ఆ మాట ఎదుటి వాటా దర్జీ ఆవిడ బట్టలు ఆరేస్తూ డ్రైవరు భార్యతో అంది. డ్రైవరు భార్య ఆ సాయంత్రం మొగుడి ముందు కంచం పెడుతూ అంది.

"ఎవరు చెప్పారంట?"

"ఎవరో చెప్పడమేంటి? ఆయన నోటితో ఆయనే! 'అవును, నా భార్యను కొట్టాను' అని ఫోనులో, ఇక్కడి భాషలో అన్నాడట. దర్జీ ఆవిడ చెవులారా వింది."

డ్రైవరుకు ఆ మనిషి గుర్తొచ్చాడు. దిగిన రోజే మెట్ల మీద ఆపి, మొహమంతా నవ్వు చేసుకుని, "తెలుగువాళ్ళాండీ?" అని అడిగాడు.

డ్రైవరు ఇక్కడి భాషలో, "మీరేమంటున్నారో అర్థం కావడం లేదు," అన్నాడు.

ఈ దేశంలో మనవాడు ఎదురుపడితే మొగుడూ పెళ్ళాలిద్దరూ చేసే పని అదే. ఒకడితో పలికితే వాడి కష్టాలన్నీ మనింటికి కాపురానికొస్తాయని భార్య భయం.

వచ్చి పదకొండేళ్ళయింది. ఎప్పటికీ ఉండనిచ్చే కాగితం ఇంకో రెండు నెలల్లో చేతికొస్తుందంటున్నారు.

"ఇలాంటివాడు మన గోడ పక్కనే ఉంటే, మనల్నీ అదే గాటన కట్టేస్తారు," అంది భార్య.

సెలవు రోజున డ్రైవరు గోడకు గ్లాసు ఆనించి విన్నాడు. గ్లాసు కూడా అక్కర్లేకపోయింది. ఆ మనిషి గొంతు అంత గట్టిగా ఉంది.

తెలుగులో, "నిజం చెప్పకపోతే మిమ్మల్ని వెనక్కి పంపించేస్తాను."

ఆ వెంటనే ఇక్కడి భాషలో, "రెండేళ్ళుగా నా దగ్గర కాగితాలు లేవు."

"తనకే దిక్కు లేదు, ఇంకొకరిని బెదిరిస్తున్నాడు చూడు!" అన్నాడు డ్రైవరు.

"నిన్నయితే తనకు ఏడో నెలన్నాడు."

"ఏడో నెలేంటే?"

"కడుపు! బిడ్డ సరిగా కదలడం లేదట కూడాను."

ఇద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కడుపుబ్బ నవ్వారు.

"మతి కూడా చెడినట్టుంది. మనకెందుకొచ్చిన గొడవ, రాసి పడేద్దాం," అన్నాడు డ్రైవరు.

రాశారు. ఏ రోజు, ఏ పూట, ఏ మాట, అన్నీ వరసగా రెండు పేజీలు. పేరు పెట్టకుండా బిల్డింగు ఆఫీసు డబ్బాలో వేశారు.

వారం తిరక్కుండా ఇద్దరు అధికారులు వచ్చారు. ఆయన కాగితాలన్నీ చూశారు, అన్నీ సవ్యంగానే ఉన్నాయన్నారు. అయినా ఆ నెలాఖరుకే ఆయన రెండు పెట్టెలతో వాటా ఖాళీ చేసి పోయాడు. మెట్ల మీద ఎదురైతే పక్కకు ఒదిగి డ్రైవరుకు దారిచ్చాడు.

"పీడ పోయింది," అంది భార్య. డ్రైవరు హాయిగా నిద్రపోయాడు.

డ్రైవరు తల్లి ఊరికి ఆ చివర కూతురింట్లో ఉంటుంది. ఈ దేశం వచ్చి ఏడాది. ఇక్కడి భాష ముక్క రాదు. గుండె జబ్బు. ఎప్పుడూ కూతురే ఆసుపత్రికి తీసుకెళ్ళేది. ఈసారి ఆమెకు సెలవు దొరక్క డ్రైవరు వెళ్ళాడు.

దారి పొడుగునా ముసలామెది ఒకటే పాట.

"అక్కడ ఫోనులో ఒక బాబు పలుకుతాడురా. డాక్టరు చెప్పింది చెప్పినట్టు తెలుగులో చెప్తాడు. నేను ఏడిస్తే, ఏడుపు ఆగేదాకా ఆగి చెప్తాడు. ఆపరేషను చేయించుకోవాలో వద్దో ఆ బాబు చెప్పింది విన్నాకే నిర్ణయిస్తాను."

డాక్టరు కాగితాలు ముందు పెట్టాడు. ఈ వారంలో ఆపరేషను జరగాలి. బతికే అవకాశం సగం. చేయించుకోకపోతే అదీ లేదు. రోగి అంతా విని, ఒప్పుకుని సంతకం పెట్టాలి.

నర్సు ఫోను చేసింది. అవతల ఏం విందో గాని, మొహం చిన్నబుచ్చుకుని పెట్టేసింది.

"అతన్ని తీసేశారట," అంది డ్రైవరుతో.

"ఎందుకు?"

"అతనిది ఇంట్లో కూర్చుని ఫోనులో చేసే ఉద్యోగం. ఎవరి మాటైనా 'నేను' అనే చెప్పాలి, అది వాళ్ళ పద్ధతి. దొంగ తప్పు ఒప్పుకుంటే 'నేను దొంగిలించాను' అనాలి. గర్భిణి నొప్పి చెప్పుకుంటే 'నాకు ఏడో నెల' అనాలి."

"ఏడో నెలా?" అన్నాడు డ్రైవరు.

"ఆ మాటలు బయటివాళ్ళ చెవిన పడకూడదు. పక్కింటివాళ్ళెవరో విన్నదంతా తేదీలతో సహా రాసి పంపారట. చుట్టుపక్కల మీ భాష తెలిసినవాళ్ళే లేరు, సగం మాటలు విన్నా ఎవరికీ ఏమీ అర్థం కాదనుకున్నాడట పాపం. పోలీసులకీ, కోర్టుకీ, మాకూ, ఈ ఊళ్ళో మీ భాషకు అతనొక్కడే." నర్సు కాగితాలూ కలమూ డ్రైవరు చేతిలో పెట్టింది. "మీరు కొడుకే కదా. మీరే చెప్పండి."

తల్లి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

"ఏమంటోందిరా? బాబు ఏడీ?"

డ్రైవరు కలం తల్లి వైపు చాపాడు.

"సెలవులో ఉన్నాడటమ్మా. నేను చెప్తాలే. చిన్న ఆపరేషనే, ఏం భయం లేదంటున్నారు."

ముసలామె కొడుకు చేతిలోని కలాన్ని పక్కకు నెట్టేసింది.

"ఆవిడ అంతసేపు మాట్లాడితే నువ్వు చెప్పింది ఇంతేనా? ఆ బాబు నేను చచ్చిపోతానన్న మాట కూడా దాచకుండా చెప్పాడు. నువ్వు చెబితే నేను సంతకం పెట్టన్రా."