పిన్ని గొంతు ఉన్న మూట

పాత కంప్యూటరులోని ఫైళ్ల మూటను కొత్తదానికి పంపాలి, తెరిచి చూడాలి, తెల్లారేలోగా పాతదాన్ని ఖాళీ చేసి అప్పగించాలి. చూపులేనివారి కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే ఆ గ్రంథాలయంలో, ఏళ్లుగా అక్కడే పుస్తకాలు చదివి చనిపోయిన పిన్ని గొంతు టెక్నీషియన్ అమ్మాయికి మిగిలింది ఆ మూటలోనే. ఎన్నిసార్లు పంపినా కొత్తది మాత్రం ‘ఫైలు పాడైంది’ అనే అంటోంది.

“ఇంకా ఎంతసేపమ్మా? దయ్యాలు కూడా పడుకున్నాయి,” అన్నాడు వాచ్‌మన్.

“వాటికేం, పొద్దున్నే డ్యూటీ లేదుగా!” అందామె.

అప్పుడు తట్టింది. రోజూ పుస్తకాల జాబితాలు పంపే అలవాటు కొద్దీ టెక్స్ట్ పద్ధతి పెట్టేసింది. వరుస చివర పెట్టే గుర్తు రెండు కంప్యూటర్లకూ వేరు. మూటను కూడా మామూలు రాత అనుకుని, పంపే ప్రోగ్రాము దారిలో ఆ గుర్తులన్నీ మార్చేసింది. ఈసారి బైనరీ పద్ధతిలో, ఉన్నది ఉన్నట్టు పంపింది.

మూట తెరుచుకుంది! పిన్ని గొంతు గదంతా నిండింది. వాచ్‌మన్ చప్పట్లు కొట్టాడు.

చివరి ఫైలు దగ్గర ఆమె చేయి ఆగిపోయింది. ఈ నవలను పిన్ని సగం చదివి, అక్కడే వదిలి పోయింది. ఆమె చివరిసారి చదివిన రోజు పక్కనున్నది తనే. స్పీకరులో మాత్రం పేజీ తిప్పిన చప్పుడు, చిన్న దగ్గు, ఆపై పిన్ని గొంతులోనే ఆఖరి అధ్యాయం.

ఒళ్లు జలదరించినా ఆమె గట్టిగా నవ్వింది. “మొత్తానికి పూర్తి చేశావన్నమాట, పిన్నీ!”

స్పీకరులోని గొంతు ఒక్క క్షణం ఆగి, మళ్లీ చదవసాగింది.

ఆ నవల ఎప్పుడైనా మీ చెవిన పడితే, చదివినామెను ఒక్కసారి తలచుకోండి.