కదలకండి, సరేనా

"మళ్ళీ కదిలారు తాతగారూ."

టెక్నీషియన్ తన విసుగు దాచుకోలేదు. మెదడు స్కానింగు చెడిపోవడం ఇది మూడోసారి. తెర మీద బొమ్మంతా అలుక్కుపోయింది.

"కదల్లేదే అమ్మా," అన్నాడు పెద్దాయన, బల్ల మీద లేచి కూర్చుంటూ.

మతిమరుపు మీద పరిశోధనకు వచ్చేవాళ్ళతో ఇదే తంటా అనుకుంది ఆమె. ఉద్యోగంలో చేరి రెండు నెలలైనా కాలేదు, అప్పుడే ఓపిక అడుగంటింది.

"లోపల మాట్లాడొద్దు, కదలొద్దు అన్నాను కదా. గుర్తుందా?"

"గుర్తుందమ్మా. ఇదివరకు చేసినాయన మధ్యలో పలకరించేవారు కాదు."

నాకే పని నేర్పుతున్నాడా అని ఆమెకు చుర్రుమంది.

"ఇంకొక్కసారి చూడమ్మా. ఈ ఏడాదిది తప్పిపోకూడదు."

"బయట ఆరుగురు కూర్చున్నారు. వచ్చే నెల రండి, చూద్దాం."

ఆయన బల్ల దిగాడు. శ్రమ ఇచ్చినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

'రోగి సహకరించలేదు' అని కాగితం మీద రాసి, ఆమె తర్వాతి మనిషిని పిలిచింది.

నెల తిరగకముందే పరిశోధన చూసే డాక్టరమ్మ నుంచి పిలుపు వచ్చింది.

"ఆ పెద్దాయన మొన్న గుండెపోటుతో పోయారు. ఆఖరి స్కాను ఎందుకు లేదు?"

"కదులుతూనే ఉన్నారు మేడమ్. ఎంత చెప్పినా తలకెక్కలేదు."

డాక్టరమ్మ ఆ రోజు కెమెరా రికార్డు తీసి పెట్టింది.

"కదలకండి, సరేనా?" అంటోంది టెక్నీషియన్ గొంతు. ఆ వెంటే మిషను మోత మొదలైంది. మాట్లాడొద్దన్నారు కనుక, పెద్దాయన అలాగేనన్నట్టు బుద్ధిగా తల ఊపాడు.

మూడుసార్లూ అంతే.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ప్రశ్న అడిగి, జవాబుకు ఆగకుండా మీట నొక్కింది తానే. తప్పు తనది, రాసింది ఆయన మీద. డాక్టరమ్మ ముఖం చూడలేకపోయింది.

"నావల్లే మేడమ్. పాపం, అంత మతిమరుపు రోగిని పట్టుకుని..."

"ఆయన రోగి కాదమ్మా," అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "మతిమరుపు లేని మెదడు ఎలా ఉంటుందో మనం చూడాలని, పన్నెండేళ్ళ కిందట తనంతట తాను వచ్చారు. తోటివాళ్ళంతా మధ్యలో మానేసినా ఆయన ఒక్క ఏడాదీ తప్పలేదు. ఇక్కడికొచ్చే ప్రతి రోగి మెదడూ ఎంత దెబ్బతిందో మనం కొలుస్తున్నది ఆయన మెదడు పక్కన పెట్టి చూసే."