బండి కింద టైరు

"నీది ట్రక్కా? నేల మీద పాకుతోంది కదయ్యా!" అన్నాడు బావ, అందరి ముందూ.

ఆ మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. బావ బండి కంటే తన పికప్ ట్రక్కు నాలుగు వేళ్లయినా ఎత్తులో ఉండాలని పంతం పట్టాడు. ఎత్తు పెంచే కిట్టు తెప్పించాడు. రెండు ఇనుప దిమ్మలు, కొన్ని పొడుగాటి బోల్టులు. కమాను పట్టీలకీ ఇరుసుకీ మధ్య ఆ దిమ్మల్ని దూర్చి బిగిస్తే బండి వెనక భాగం పైకి లేస్తుంది.

"షెడ్డుకి తీసుకెళ్లండి" అంది భార్య.

"ఇంతోటి దానికి షెడ్డెందుకు? ఫోన్లో చూశాను. గంట పని."

అతని దగ్గరున్నవి ఒక జాకీ, పానాల పెట్టె, సుత్తి, బోలెడంత ధీమా.

ఇంటి ముందే బండి వెనక భాగం జాకీతో లేపాడు. వెనక టైర్లు విప్పి గేటు పక్కన గోడకి ఆనించాడు. తీరా చూస్తే తుప్పు పట్టిన పాత బోల్టులు ససేమిరా అన్నాయి. గంట పని మధ్యాహ్నం దాకా సాగింది.

గేటు దగ్గర ఎవరో ముసలాయన ఆగాడు. చేతిలో గుడ్డ సంచి.

"బాబూ, జాకీ ఒక్కటే పెట్టారా?"

"కనిపిస్తోందిగా."

"అది జారుతుంది బాబూ. కింద ఇంకేదైనా..."

"పెద్దాయనా, మీ దారిన మీరు వెళ్లండి."

ముసలాయన వెళ్లలేదు. ఎండలో అలాగే నిలబడ్డాడు. దాపురించాడురా బాబూ అని గొణుక్కుంటూ అతను బోల్టుకి రాయడానికి నూనె తెచ్చుకుందామని లోపలికి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి గోడ దగ్గర ఒక టైరే ఉంది. ముసలాయన వీధిలో నడిచి పోతున్నాడు. రెండు చేతులూ నల్లగా ఉన్నాయి.

"ఏయ్ దొంగా, ఆగు!"

ఒక్క ఉదుటున వెళ్లి చొక్కా పట్టుకున్నాడు.

"టైరేదీ? ఎవడికి అందించావ్?"

"ఎక్కడికీ పోలేదు బాబూ. బండి కింద..."

"బండి కింద ఉన్నది నేను! నాకే చెప్తావా?"

సంచి లాక్కుని దులిపాడు. కళ్లజోడు పెట్టె, మందుల పొట్లం రోడ్డు మీద పడ్డాయి. టైరు పట్టని సంచిలో టైరు వెతికాడు. కోపం వచ్చినవాడికి కొలతలు ఎక్కడ తెలుస్తాయి!

ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వచ్చారు.

"ఈ మధ్య ఇలాంటి దొంగలు ఎక్కువయ్యారు" అన్నారెవరో.

ముసలాయన వంగి తన మందులు ఏరుకున్నాడు. తల దించుకుని వెళ్లిపోయాడు.

"ఏవండీ, ఇలా రండి" అని భార్య బండి పక్క నుంచి పిలిచింది.

టైరు బండి కిందే ఉంది. ఛాసిస్‌ చట్రానికి సరిగ్గా కింద, నేల మీద పడుకోబెట్టి ఉంది.

"ఆయనే పెట్టినట్టున్నారు. పాపం, వెళ్లి పిలవండి."

ముసలాయన ఇంకా వీధి మలుపు తిరగలేదు. ఒక్క కేక వేస్తే చాలు. కానీ గుమ్మాల్లో జనం ఇంకా చూస్తూనే ఉన్నారు. ఇంతమందిలో తప్పు నాదేనని ఎలా అనడం?

"ముందు పని కానివ్వు" అన్నాడు, భార్య మొహం చూడకుండా.

టైరు కాళ్లకి అడ్డంగానే ఉంది. కానీ బయటికి లాగితే అందరికీ కనిపిస్తుంది, పరువు పోతుంది. అందుకని దాన్ని అక్కడే ఉండనిచ్చి బండి కిందికి దూరాడు.

పానా వేసి, ఉన్న బలమంతా పెట్టి సుత్తితో ఒక్కటి వేశాడు. బోల్టు ఊడింది. దాంతోపాటు జాకీ కూడా ఒరిగింది.

బండి దబ్బున కూలింది.

భార్య కెవ్వుమంది. అతను కళ్లు తెరిచాడు. ఛాసిస్ చొక్కా గుండీకి తగిలీ తగలకుండా ఆగి ఉంది. బండి బరువంతా ఆ టైరు మోస్తోంది.

ఎలాగో పాక్కుంటూ బయటపడ్డాడు.

"నీ అదృష్టం బాగుంది" అన్నారు ఇరుగుపొరుగు.

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పలేకపోయాడు. రాత్రి అన్నం ముందు కూర్చున్నాడు. రోడ్డు మీద మందులు ఏరుకుంటున్న ఆ నల్లటి చేతులే కళ్లముందు మెదిలాయి. తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు మందుల షాపులో వాకబు చేసి, ఆ ఇల్లు పట్టుకున్నాడు. ఒకావిడ తలుపు తీసింది.

"మామయ్యగారా? పొద్దున్నే మా ఆడపడుచు వాళ్ల ఊరు వెళ్లిపోయారండీ. ఇక్కడ ఇక తలెత్తుకు తిరగలేనన్నారు. ఎవరో వీధిలో దొంగ అన్నారట."

"నేనేనమ్మా" అన్నాడు. "అన్నది నేనే. ఆయన పెట్టిన టైరు వల్లే బతికున్నాను. కాళ్ల మీద పడదామని వచ్చాను."

ఆవిడ గుమ్మానికి ఆనుకుంది.

"జాకీ మీద బండి కనిపిస్తే ఆయన దాటి పోలేరండీ. ఎవరేమన్నా నిలబడిపోతారు. మా ఆయన అలాగే పోయారు, బండి కింద."

"అయ్యో! అప్పుడు కింద టైరు పెట్టుకోలేదామ్మా?"

"పెట్టుకున్నారండీ" అందావిడ. "అడ్డంగా ఉందని దాన్ని పక్కకి లాగేసింది మామయ్యగారే."