అరువు ప్రశ్న

గుడిలో దేవుణ్ణి ఎన్నిసార్లు అడిగినా విసుక్కోడు కదా, మరి తెర మీది పంతులమ్మను రోజుకు ఒక్క ప్రశ్నే ఎందుకడగాలి? బడులన్నీ కంపెనీల చేతికి పోయినప్పటి నుంచీ తాయారమ్మను తొలుస్తున్న సందేహమిది. అయినా కూతురు వకుళ కోసం చందా కడుతూనే వచ్చింది.

మూడో తరగతిలో వకుళ తన ప్రశ్న వాడేసుకుని ఏడుస్తుంటే, అదే తరగతి చదివే పక్కింటి గౌసియా తనది అరువిచ్చింది. తిరిగిద్దామంటే ఏటా ఏదో పరీక్ష అడ్డొచ్చేది. అరువిచ్చిన మర్నాడే గౌసియా వాళ్లు వినడమే తప్ప అడిగే వీల్లేని చౌక చందాకు దిగిపోయారు.

ఈ రోజు వకుళకు జ్వరం. ప్రశ్న సాయంత్రానికి మురిగిపోతుంది. మిగిలిన కూర ఇవ్వబోతున్నట్టు తాయారమ్మ పిట్టగోడ మీంచి పిలిచింది.

"గౌసియా, మా ప్రశ్న నువ్వడుగు తల్లీ. బాకీ తీరిపోతుంది."

"ఇన్నాళ్లకు గుర్తొచ్చిందా ఆంటీ!" అని నవ్వుతూ వచ్చింది, పదో తరగతి చదివే గౌసియా. తెర ముందు నిలబడి అడిగింది.

"టీచర్, భిన్నంలో కింది అంకె పెద్దదైతే ముక్క చిన్నదెందుకవుతుంది?"

తాయారమ్మ తెల్లబోయింది. "అది చిన్న తరగతి లెక్క కదే!"

"ఆ రోజు నేను అడగాలనుకున్నది అదే ఆంటీ. అప్పట్నుంచీ లెక్కలు నాకెక్కలేదు."

పంతులమ్మ ఒక అట్టును ఇద్దరికి, తర్వాత ఎనిమిదిమందికి పంచి చూపించింది.

"ఇంతేనా!" అంది గౌసియా, ముఖం విప్పారిపోగా.

తాయారమ్మ తలెత్తలేకపోయింది.