డిటెక్టివ్ వేషం

"అమ్మా, నేను డిటెక్టివ్‌ని కాను. టీవీలో ఆ వేషం వేశానంతే," అన్నాడు కళ్లజోళ్ల కొట్టు నడుపుకుంటున్న ముసలి నటుడు.

కొట్టుకొచ్చిన ఆమె కదల్లేదు. కూతురి ఫొటో తీసి బల్ల మీద పెట్టింది.

"ఆదివారం పనికెళ్లిన పిల్ల ఇంటికి రాలేదు బాబుగారూ. స్టేషన్‌కెళ్తే, ఎవరితోనో లేచిపోయుంటుంది, అదే వస్తుందిలే పొమ్మంటున్నారు."

ఒకప్పుడు ఆయన సీరియల్ వచ్చే వేళకు వీధులు ఖాళీ అయిపోయేవి. ఇప్పుడు ఆయన్ని గుర్తుపట్టేవాళ్లే తక్కువ.

"హంతకుడెవరో నాకు ముందే రాసిచ్చేవాళ్లు తల్లీ. నా సొంత తెలివితో ఈ కొట్లో పోయిన కళ్లజోడైనా కనిపెట్టలేను. నీకు లేనిపోని ఆశ పెట్టమంటావా?"

"ఆ మాత్రం నాకు తెలీదా బాబుగారూ? మతిపోయి రాలేదు నేను," అందామె. "మీ సీరియల్ చూసే పోలీసునయ్యానని ఆ ఇన్‌స్పెక్టరు అందరికీ చెప్పుకుంటాడు. నేనెళ్తే తలకూడా ఎత్తడు. మీరొస్తే లేచి నిలబడతాడు. అప్పుడు నా మాట వింటాడు. మీరేం కనిపెట్టొద్దు. ఊరికే నా పక్కన నిలబడండి, చాలు."

ఆయన ఫొటో చేతిలోకి తీసుకుని, అప్పుడు చూశాడు ఆ పిల్ల ముఖం.

"ఆ రోజు ఏ రంగు బట్టలేసుకుందమ్మా?"



"ఆకుపచ్చ... ఆకుపచ్చ చొక్కా బాబుగారూ. ఇంతవరకూ ఆ మాట నన్నెవరూ అడగలేదు," అంటూ బల్ల పట్టుకుని భోరుమంది.

ఆయన పట్టపగలే కొట్టు షట్టరు దించేశాడు.

"పద తల్లీ," అన్నాడు. "దారిలో మిగతావన్నీ చెప్పు."