అమ్మచ్చికి చెప్పిన వార్డు

"నీ పట్టా పోస్టులో వచ్చిందా?"

వార్డు ఇన్‌ఛార్జి మేరిక్కుట్టి సిస్టర్ అడిగిన తీరుకి పక్క మంచాల్లోని పేషెంట్లు కూడా నవ్వారు. జిస్మి ఓ ముసలాయన చేతికి రెండుసార్లు సూది గుచ్చినా నరం దొరకలేదు.

"తప్పుకో. మీ కాలేజీల్లో నేర్పేది సెల్ఫీలు దిగడమే."

ఇన్‌ఛార్జి సిస్టర్ ఒక్క పోటుకే నరం పట్టేసింది. ఎలా పట్టిందో మాత్రం చెప్పలేదు.

జిస్మి కొట్టాయంలోని ఆ ఆసుపత్రిలో చేరి పదకొండు వారాలు. నర్సింగ్ పాసయ్యాక ఇదే మొదటి ఉద్యోగం. అడిగితే "ఇదీ తెలీదా?" అంటారు. అడక్కపోతే "నోట్లో నాలుక లేదా?" అంటారు. మొన్న సెలైన్ ఎంత వేగంగా ఎక్కించాలో అనుమానమొచ్చింది. అడిగే ధైర్యం లేక నెమ్మదిగా పెట్టి, సీసా అయ్యేదాకా మంచం పక్కనే నిలబడింది. దానికీ తిట్లు పడ్డాయి.

టీ గదిలో ఆమె అడుగుపెడితే మాటలు ఆగిపోతాయి. ఖాళీ కుర్చీ మీద ఎవరిదో బ్యాగు ఉంటుంది. ఎవరూ తీయరు. అందుకని దుప్పట్లు పెట్టే గదిలో నిలబడి, గోడకేసి చూస్తూ తింటుంది.

సాయంత్రం వాళ్ళమ్మ, అమ్మచ్చి, ఫోను చేస్తుంది.

"తిన్నావా మోళే, నా తల్లీ? ఎవరితో తిన్నావ్?"

"అందరితో. మా వార్డులో షైబీ చేచ్చి లేదూ, ఆ అక్కే బీఫ్ వేపుడు తెచ్చింది. నాకే ఎక్కువ వేసింది."

"మరి మీ ఇన్‌ఛార్జి?"

"బంగారం. చెయ్యి పట్టుకుని నేర్పిస్తుంది."

అవతల అమ్మచ్చి తృప్తిగా నవ్వుతుంది. ఆమె కూడా నర్సే. పాలక్కాడ్‌లో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరైంది. గంజి పెట్టిన తెల్లచీరలో ఆమె డ్యూటీకి బయల్దేరుతుంటే చూసే, జిస్మి ఏడేళ్ళ వయసులో నర్సునవుతానంది. అలాంటి మనిషికి ఈ మాటలన్నీ ఎలా చెప్పడం?

అబద్ధాలు రోజుకొకటి పెరిగాయి. ఫోను పెట్టేశాక, షైబీ తనతో నిజంగానే మాట్లాడినట్టు జిస్మికి కాసేపు హాయిగా ఉండేది. అంతలోనే హాస్టల్ గది ఎప్పటిలా ఖాళీగానే మిగిలేది.

ఒక గురువారం మధ్యాహ్నం అమ్మచ్చి చెప్పాపెట్టకుండా వచ్చేసింది. తిన్నగా టీ గదిలోకే. చేతిలో నాలుగు గిన్నెల క్యారియర్. మూత తీయకముందే చేపల పులుసు వాసన గదంతా పరుచుకుంది.

"జిస్మి వాళ్ళమ్మని. మీ అందరికీ తెచ్చాను. షైబీ ఎవరమ్మా? మా పిల్ల నోటెంట రోజూ నీ పేరే!"

షైబీ తెల్లబోయి చూసింది. మిగతావాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. జిస్మికి ఆ నేల చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది.

"అమ్మచ్చీ, బయటికి పోదాం రా."

"ఉండవే, వాళ్ళు తిననీ."

అప్పుడే మేరిక్కుట్టి సిస్టర్ వచ్చింది. వచ్చినది వచ్చినట్టే గుమ్మంలో ఆగిపోయింది. మొహంలో రంగు పోయింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. తల దించుకుంది. వార్డంతటినీ హడలగొట్టే ఆ గొంతు పీలగా పలికింది.

"గుడ్ ఆఫ్టర్‌నూన్, సిస్టర్."

అమ్మచ్చి కళ్ళద్దాలు సవరించుకుని పరకాయించి చూసింది.

"మేరిక్కుట్టివి కదూ! ఎన్నేళ్ళయిందే నిన్ను చూసి!"

వెళ్ళి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. మురిసిపోతూ కూతురి వైపు తిరిగింది.

"ఇది నా చేతికిందే పని నేర్చుకుంది మోళే, మొదటి ఏడాదంతా దీన్ని నేను ఏడిపించని రోజు లేదు!"